ఆరోగ్య ధర్మములు: కన్ను లెఱ్ఱబడినప్పుడు

సర్వేంద్రియములలో నయనము ప్రధానమని మన పెద్దలు చెప్పిరి. కోపము వచ్చినను, నిద్ర చాలకపోయినను, దుఃఖము కలిగినను, జ్వరము తగిలినను ముందుగా తెలుపునది కన్నే. అందుచేతనే కాబోలు, మన యిండ్లలో ఎవరి కన్నులైన ఎఱ్ఱగా కనబడినచో వెంటనే ప్రశ్నలు పుట్టును. చిన్నబిడ్డ కన్నులైనచో "దిష్టి తగిలినది" అందురు. ముసలివారివైనచో "వేడి చేసినది" అందురు. పదునెనిమిది, ఇరువది యేండ్ల కుఱ్ఱవాని కన్నులైనచో ఈ నడుమ మూడవ మాట యొకటి వినవచ్చుచున్నది: "వీడు గంజాయి త్రాగుచున్నాడేమో!"

యీషున్ పరిసరములలో నివసించు కొందఱు తల్లిదండ్రులు ఈ విషయమునే మమ్ము అడిగియున్నారు. గంజాయి త్రాగినవాని కన్నులు నిజముగా ఎండి ఎఱ్ఱబడునా? అట్లయినచో ఎఱ్ఱని కన్నులు గలవాడెల్ల గంజాయి త్రాగినవాడని తలపవచ్చునా? మొదటి ప్రశ్నకు సమాధానము ఔనని. రెండవదానికి ముమ్మాటికి కాదని. ఈ రెండు సమాధానముల నడుమ నున్న దూరమును గుర్తింపకపోవుట వలన కొన్ని యిండ్లలో నిర్దోషియైన బిడ్డ నిందపాలగుచున్నాడు. మఱికొన్ని యిండ్లలో నిజముగా చిక్కులో పడినవాడు మందుచుక్కల చాటున దాగుకొనుచున్నాడు. కావున ఈ మాసము ఈ సంగతినే విచారింతము.

మనము నివసించు యీషున్ పేరు ఒక తోటల యజమాని పేరే. రబ్బరు, అనాస వ్యాపారములలో ప్రసిద్ధుడైన లిమ్ నీ సూన్ (1879–1936) పేరును మాండరిన్ ఉచ్చారణలో పలికినచో నీ సూన్ అనునది యీషున్ అగును. నేడు బహుళ అంతస్తుల గృహములు నిలిచిన ఈ ఉత్తర ప్రాంతమున ఒకప్పుడు రబ్బరు చెట్లును, అనాస మళ్లును ఉండెడివి. ఆ దినములలో రబ్బరు పాలను ఆమ్లముతో పేరబెట్టి, పలకలుగా నొక్కి, పొగగదులలో ఆరబెట్టుట తోటల పద్ధతి. అట్టి చోట పనిచేయువానికి పొగ వలనను, ఆమ్లపు ఘాటు వలనను కన్నులు మండి ఎఱ్ఱబడుట సహజము. సాయంకాలము కల్లు దుకాణమునకు పోయి వచ్చినవాని కన్నులును ఎఱ్ఱనివే. చూచువారికి రెండును ఒక్కటిగనే కనబడును. ఒకడు కష్టపడి సంపాదించిన ఎఱుపు, మఱియొకడు డబ్బిచ్చి కొనితెచ్చుకొన్న ఎఱుపు. కన్ను ఫలితమును చూపును గాని కారణమును చెప్పదు. ఈ మాటను పాఠకులు చివరివఱకు మఱవకుందురు గాక.

ఇక గంజాయి కన్నును ఎట్లు ఎఱ్ఱబఱచునో చూతము. పొగ తగిలి కన్ను ఎఱ్ఱబడునని చాలమంది యనుకొందురు. పొగకు కొంత పాలు లేకపోలేదు. కాని అసలు కారణము అది కాదు. గంజాయిని మిఠాయిలోనో, పానీయములోనో కలిపి మ్రింగినవాని కన్నులును ఎఱ్ఱబడును. అక్కడ పొగయే లేదు. గంజాయి మొక్కలో మత్తు కలిగించు ప్రధాన ద్రవ్యమును టీహెచ్‌సీ అందురు. దీనిని 1964లో ఇజ్రాయెలు దేశమున గావొని, మెచూలమ్ అను శాస్త్రజ్ఞులు విడదీసి, దాని నిర్మాణమును తెలిపిరి. ఈ ద్రవ్యము రక్తములో చేరిన కొలది నిమిషములలో గుండె వేగముగా కొట్టుకొనును. రక్తనాళములు సడలి వెడల్పగును. కంటి తెల్లగ్రుడ్డును కప్పియుండు పలుచని పొరలో వెండ్రుకల వంటి సన్నని నాళములు వందలకొలది కలవు. మామూలు సమయమున అవి కంటికి ఆనవు. అవి వెడల్పై రక్తముతో నిండినపుడు తెల్లగ్రుడ్డు ఎఱ్ఱగా కనబడును. ఆ ఎఱుపు కొన్ని గంటలు నిలిచి తగ్గిపోవును.

ఎండుట మఱియొక సంగతి. కన్నీరు ఏడ్చినపుడు మాత్రమే వచ్చునది కాదు. కనుగ్రుడ్డుపై ఎల్లప్పుడును ఒక పలుచని నీటిపొర పఱచుకొనియుండును. దానిలో జిగురు, నీరు, నూనె అను మూడు పాళ్లు కలవు. నీటిని అశ్రుగ్రంథి యిచ్చును. నూనెను రెప్పల అంచులలోని గ్రంథు లిచ్చును. రెప్ప వేసిన ప్రతిసారి ఈ పొర క్రొత్తగా పఱచుకొనును. టీహెచ్‌సీ మన శరీరములోని సీబీ1 అను గ్రాహకములపై పనిచేయును. ఈ గ్రాహకములు మెదడులోనే గాక అశ్రుగ్రంథికి పోవు నాడులలోను కలవు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2020లో ప్రకటించిన ఎలుకల పరిశోధనలో, టీహెచ్‌సీ ఇచ్చిన మగ ఎలుకలకు కన్నీరు తగ్గినట్లు కనుగొనిరి. ఆడ ఎలుకలలో అట్లు తగ్గలేదు. ఎలుక ఎలుకయే, మనుష్యుడు మనుష్యుడే. అయినను గంజాయి త్రాగినవారు చెప్పుకొను "కంటిలో ఇసుక పడినట్లున్నది" అను బాధకు శరీరమున ఒక మార్గము కలదని దీనివలన తెలియుచున్నది. నోరు పిడచకట్టుకొనిపోవుటయు ఇట్టిదే. లాలాజలము తగ్గుటయే దానికి కారణము.

కన్ను ఎఱ్ఱబడినంత మాత్రమున చూపు పోదు. మత్తు తగ్గిన వెనుక ఎఱుపు తగ్గును. మఱి యింతగా చెప్పుట యెందుకందురా? ఎఱుపు చిన్నదే, దాని వెనుక నున్నది చిన్నది కాదు. 1893–94 సంవత్సరములలో బ్రిటిషు ప్రభుత్వము నియమించిన భారత గంజాయి విచారణ సంఘము వేయిమందికి పైగా సాక్షులను విచారించి, మితముగా వాడినవారికి హాని స్వల్పమనియు, అతిగా వాడినవారికి దేహమును మనస్సును రెండును చెడుననియు తేల్చినది. ఈ మాటలో మొదటి సగమును మాత్రము కంఠస్థము చేసి వాదించు యువకులు నేడు కలరు. వారు గమనింపవలసినది ఒకటి కలదు. నాటి గంజాయి వేరు, నేటి గంజాయి వేరు. అమెరికాలో పట్టుబడిన సరకును పరీక్షించి చూడగా 1995లో నూటికి సుమారు 4 పాళ్లున్న టీహెచ్‌సీ 2014 నాటికి 12 పాళ్ల వఱకు పెరిగినది. మూడింతలు ఘాటైన సరకునకు పాత కొలత పనికిరాదు. మెదడు ఎదుగుట ఇరువదియైదేండ్ల ప్రాయము వఱకు సాగుచుండును. ఆ లోపల, అందులోను పదునైదు పదునాఱేండ్ల లేతవయస్సున, ఘాటైన గంజాయికి అలవాటు పడినవారికి మతిభ్రమణ వ్యాధులు సోకు భయము హెచ్చని వైద్యులు చెప్పుచున్నారు.

వయస్సు మాట వచ్చినది గనుక సింగపూరు సంగతి చెప్పుదుము. ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ 2021 ఏప్రిల్ మొదలు 2022 జూలై వఱకు 15 నుండి 65 ఏండ్ల వయస్సు గల 6,500 మందికి పైగా విచారణ జరిపి, 2023లో ఫలితములను వెల్లడించినది. జీవితమున ఒక్కసారియైన నిషిద్ధ మాదకద్రవ్యము వాడితిమని చెప్పినవారు నూటికి 2.3 మంది. వారిలో ఎక్కువమంది వాడినది గంజాయియే. మొదటిసారి వాడిన సగటు వయస్సు 15.9 సంవత్సరములు. నూటికి ఇద్దఱే గదా యని సంతోషింపవచ్చును. కాని పదునాఱవ యేడు నిండని ప్రాయము ఏదియో తలచుకొనుడు. అది సెకండరీ పాఠశాలలో చదువుకొను ప్రాయము. అమ్మ అన్నము కలిపి పెట్టుచున్న ప్రాయము.

మన తెలుగువారికి గంజాయి క్రొత్త మాట కాదు. చెడ్డవారి నడుమ నున్న మంచివానిని "గంజాయి వనములో తులసి మొక్క" యని సామెతగా చెప్పుట మన అందఱకు తెలిసినదే. ఈ ద్వీపమునకును అది క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున సింగపూరులో నల్లమందు, కల్లు, భంగు అమ్ముకొను హక్కులను ప్రభుత్వము గుత్తకిచ్చి ఆదాయము పొందుచుండెడిది. ఇక మన పూర్వులలో పెక్కుమంది యే విశాఖ, శ్రీకాకుళము ప్రాంతములనుండి ఓడలెక్కి మలయా తోటలకు వచ్చిరో, ఆ విశాఖ మన్యపు కొండలే నేడు గంజాయి సాగునకు పేరుపడినవి. ఒకప్పుడు పసుపు, మిరియము, కాఫీలకు పేరుగన్న పాడేరు, చింతపల్లి ప్రాంతములలో "శీలావతి" యను అందమైన పేరుగల గంజాయి రకము పుట్టుచున్నది. పతివ్రత పేరు పెట్టి విషము నమ్ముట కలియుగ ధర్మము కాబోలు! పెట్టుబడి పెట్టువారు బయటి వర్తకులు. పండించువారు పేద గిరిజనులు. పట్టుబడి చెఱసాలకు పోవువారును ఎక్కువగా ఆ గిరిజనులే, లేదా కూలికి మూటలు మోయు కుఱ్ఱవాండ్రే. 2021 అక్టోబరు చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు "ఆపరేషన్ పరివర్తన" పేర 7,500 ఎకరములకు పైగా పంటను నాశనము చేసిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గఱ సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగులబెట్టిరి. 2024లో ఆ రాష్ట్రము ఈ పనికై "ఈగల్" అను ప్రత్యేక దళమును ఏర్పఱచినది.

ఇంతటి సరకు దేశదేశములకు ప్రాకుచుండగా మన యిండ్లకు ఆ గాలి సోకదని తలుపులు వేసికొని కూర్చుండుట వివేకము కాదు. అట్లని ప్రతి ఎఱ్ఱకన్నును చూచి ఉలికిపడుటయు వివేకము కాదు. ఈ ద్వీపమున కన్ను లెఱ్ఱబడుటకు గంజాయి కంటె సామాన్యములైన కారణములు ఎన్నో కలవు.

మొదటిది ఎండిన కన్ను. చల్లని యంత్రపు గాలిలో పగలెల్ల కూర్చుండి, రాత్రి ఫోను తెఱను రెప్పవేయక చూచువానికి కన్నీటిపొర ఆఱిపోవును. నిమిషమునకు పదునైదు మాఱులు వేయవలసిన రెప్ప తెఱను చూచునప్పుడు అందులో సగము కూడ వేయబడదు. ఈ ఎఱుపు సాయంకాలము హెచ్చును, ఇసుక పడినట్లుండును. పరీక్షల దినములలో మన పిల్లల కన్ను లన్నియు ఇట్లే యుండును. రెండవది కండ్లకలక. దీనిలో పుసి కట్టును. ఉదయము రెప్పలంటుకొని యుండును. ఒక కంట మొదలై రెండవ కంటికి ప్రాకును. ఇంటిలో మఱియొకరికిని అంటును. మూడవది పడకపోవుట వలన వచ్చు దురద. తుమ్ములు, ముక్కునుండి నీరు దీనికి తోడుగా వచ్చును. నాలుగవది పొగ. 1997, 2013, 2015 సంవత్సరములలో పొరుగు దీవుల అడవులు, తోటలు కాలిన పొగ ఈ నగరమును క్రమ్ముకొన్నప్పుడు పసిపిల్లల కన్నులును ఎఱ్ఱబడినవి. పంగుని ఉత్తిరము నాడు యీషున్ నందలి హోలీ ట్రీ శ్రీ బాలసుబ్రమణ్యర్ ఆలయమున కావడి నెత్తిన భక్తుని, మహాశివరాత్రి జాగరణము చేసినవాని, హోమకుండము దగ్గఱ కూర్చున్న పురోహితుని కన్నులు చూడుడు. అవి ఎఱ్ఱనివే. వారిని ఎవరైన శంకింతురా?

ఐదవది మాత్రము జాగ్రత్తగా వినవలెను. ఈ దేశమున యువకులలో నూటికి ఎనుబది మంది వఱకు దూరదృష్టి చాలనివారే. వారిలో పలువురు కాంటాక్టు లెన్సులు ధరింతురు. 2005, 2006 సంవత్సరములలో సింగపూరున లెన్సులు ధరించిన అఱువదిమందికి పైగా నల్లగ్రుడ్డునకు బూజు సోకి కన్నులు పాడైనవి. కొందఱికి శస్త్రచికిత్స అవసరమయ్యెను. లెన్సు పెట్టుకొని నిద్రించు ఆడపిల్ల కన్ను ఎఱ్ఱబడి నొప్పి పెట్టుచున్నచో అది గంజాయి కాదు, ఆలస్యము చేయరాని రోగము. ఆఱవది నీటికాసుల రోగములో ఉన్నట్టుండి వచ్చు రకము. నడివయస్సు దాటినవారికి ఒక కన్ను ఎఱ్ఱబడి, తీవ్రమైన నొప్పితో, తలపోటుతో, వాంతులతో, దీపముల చుట్టు రంగుల వలయములు కనబడినచో ఒక్క గంటయైన ఆగరాదు. నేరుగా ఆసుపత్రికి పోవలెను. యీషున్ లో 2010లో వెలసిన కూ టెక్ పువట్ ఆసుపత్రి మన వాకిటనే యున్నది.

ఇన్ని కారణము లుండగా గంజాయి ఎఱుపును ఎట్లు గుర్తింపవచ్చునని అడుగుదురేమో. కన్నును మాత్రము చూచి గుర్తింపజాలము. వైద్యుడును గుర్తింపజాలడు. సాధారణముగా ఆ ఎఱుపు రెండు కన్నులకును ఒకేమాఱు వచ్చును; పుసి యుండదు; నొప్పి యుండదు; కొన్ని గంటలలో పోవును. దానికి తోడుగా నోరు ఎండుట, అకాలమున విపరీతమైన ఆకలి, కాలము తెలియకపోవుట, కారణము లేని నవ్వు లేక దిగులు, బట్టలకు కాలిన ఆకు వాసన, చెప్పుటకు వీలులేని ఖర్చులు, పాత స్నేహితులను విడుచుట, చదువున వెనుకబడుట, ఇవి మాటిమాటికి కనబడినచో తల్లిదండ్రులు మేలుకొనవలెను. ఇందులో ఏ యొక్కటియు సాక్ష్యము కాదు. అన్నియు కలిసి పదేపదే కనబడుటయే విచారింపదగిన సంగతి.

మఱియొక గుర్తు కలదు. ఎఱుపును పోగొట్టు మందుచుక్కల సీసాలు బిడ్డ సంచిలో తఱచుగా కనబడుట. వీనిలో చాలవానియందు టెట్రాహైడ్రోజొలిన్ వంటి మందు ఉండును. అది వెడల్పైన నాళములను బిగించి, ఎఱుపును కప్పిపుచ్చును. కన్నీటిని పెంచదు, ఎండిన కన్ను ఎండినట్లే యుండును. దినదినము వేసికొన్నచో మందు విడిచిన వెంటనే ఎఱుపు మునుపటికంటె హెచ్చుగా వచ్చును. మరల చుక్కలు, మరల ఎఱుపు. గంజాయి త్రాగినవానికేకాదు, కండ్లు అలసిన గుమాస్తాకును ఇదే గతి. ఆ సీసా చిన్నపిల్లల చేతికి చిక్కి వారు త్రాగినచో గుండె వేగము తగ్గి స్పృహ తప్పవచ్చును గనుక అందని చోట నుంచవలెను. చుక్కలతో కన్నును తెల్లగా చేసికొని మోసము చేయదలచిన బాలుడు ఒక సంగతి ఎఱుగడు. కన్ను తెల్లబడినను మూత్రము అబద్ధమాడదు. ఒకసారి త్రాగినవానికి కొన్ని దినములు, నిత్యము త్రాగువానికి కొన్ని వారముల వఱకు ఆ జాడ మూత్రమున తెలియును.

ఇప్పుడు శాసనము మాట. సింగపూరున 1973 నాటి మాదకద్రవ్య దుర్వినియోగ చట్టము ప్రకారము గంజాయి వాడినవానికి 10 సంవత్సరముల వఱకు కారాగారము, 20,000 డాలర్ల వఱకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. 500 గ్రాములకు మించి రవాణా చేసిన నేరమునకు మరణశిక్ష కలదు. ఈ దేశ పౌరులును, స్థిరనివాసులును విదేశమున వాడినను ఇక్కడ నేరమే యగును. థాయిలాండు 2022 జూన్ లో గంజాయిని నిషిద్ధ ద్రవ్యముల పట్టికనుండి తొలగించి, 2025 జూన్ లో మరల వైద్యుని చీటీకి పరిమితము చేసినది. ఆ నడుమ విహారమునకు పోయిన కుఱ్ఱవాండ్రు "అక్కడ తప్పు కాదు గదా" యని మోసపోవుటకు అవకాశ మెంతయో యుండెను.

భారతదేశమునకు పోవు మన కుటుంబములకు ఇంకొక హెచ్చరిక. అక్కడి 1985 నాటి చట్టము గంజాయి యనగా పూతతో కూడిన కొనలని చెప్పి, కొనలతో కూడని ఆకును ఆ నిర్వచనమునుండి విడిచినది. అందుచేతనే కొన్ని రాష్ట్రములలో హోలీకి, శివరాత్రికి ఆకుతో చేసిన భంగును అంగడిలో అమ్ముట కలదు. సింగపూరు చట్టము అట్లు విడువలేదు. ఆ మొక్కలో ఏ భాగమైనను ఇక్కడ గంజాయియే. బావమఱదుల పరిహాసమునకు ఒక గ్లాసెడు త్రాగి విమానమెక్కిన యువకుడు ఇక్కడ దిగినపుడు నేరస్థుడు కావచ్చును. ఊరినుండి వచ్చునప్పుడు "మా అబ్బాయికి ఈ పొట్లము ఇచ్చెదరా" యని ఎవరైన ఇచ్చినచో, అది బంధువు చేతినుండి వచ్చినదైనను, విప్పి చూడక సంచిలో పెట్టుకొనరాదు. మొగమాటమునకు ప్రాణము మీదికి తెచ్చుకొనుట తగదు.

"పరమశివుడే గంజాయి త్రాగునని చెప్పుదురు గదా, మాకు తప్పేమి?" యని వాదించువారిని మేము చూచియున్నాము. శివుడు హాలాహలమును గూడ త్రాగెను. ఆ వాదము చేయువారిలో ఒక్కడును ఆ పాత్రను అందుకొనుటకు ముందుకు రాడు. సులువైన దానిలో శివుని అనుకరించి, కష్టమైన దానిలో విడుచుట భక్తి కాదు.

కొందఱు పెద్దలు మఱియొక ప్రశ్న అడుగుదురు. "గంజాయి నీటికాసులకు మందట గదా?" ఈ మాటకు మూలము 1971లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ వైద్యులు హెప్లర్, ఫ్రాంక్ అనువారి పరిశోధన. గంజాయి పొగ పీల్చినవారికి కంటి లోపలి ఒత్తిడి నూటికి 25 నుండి 30 పాళ్లు తగ్గినట్లు వారు కనుగొనిరి. అది నిజము. కాని ఆ తగ్గుదల మూడు నాలుగు గంటలే నిలుచును. నీటికాసులవానికి ఇరువదినాలుగు గంటలును ఒత్తిడి అదుపులో నుండవలెను. అందుకు దినమునకు ఆఱేడు మాఱులు త్రాగవలెను. అనగా ఎప్పుడును మత్తులోనే యుండవలెను. పైగా గంజాయి రక్తపు ఒత్తిడిని గూడ తగ్గించును గనుక కంటినాడికి చేరు రక్తము తగ్గు భయము కలదు. అందుచేత అమెరికా నేత్రవైద్య పరిషత్తు దీనిని నీటికాసులకు చికిత్సగా అంగీకరింపలేదు. దినమునకు ఒకటి రెండు మాఱులు వేసికొను చుక్కలు ఉండగా, మత్తు చికిత్స యెందులకు?

ఇక గృహమున చేయవలసిన దేమి? ముందు కన్నునకు వైద్యము చూడుడు. ఎండిన కన్నునకు ఎఱుపు పోగొట్టు మందు కాక, కన్నీటిని పోలిన చుక్కలు వేయవలెను. గోరువెచ్చని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పలపై కొంతసేపు ఉంచుట మంచిది. యంత్రపు గాలి ముఖమునకు నేరుగా తగులరాదు. తెఱను చూచువారు నడుమ నడుమ దూరమును చూచి, నిండుగా రెప్పలు వేయవలెను. మూసిన కంటిపై కడిగిన నందివర్ధనము పువ్వు ఉంచుకొనుటలో హాని లేదు. కాని పసరు, తేనె, ఆముదము, తల్లిపాలు కంటిలో పోయుట మానవలెను. నొప్పి, వెలుతురు చూడలేకపోవుట, చూపు మసకబాఱుట ఉన్నచో, లెన్సు ధరించువారైనచో, రెండు మూడు దినములలో తగ్గకున్నచో పాలీక్లినిక్కునకు పోవలెను.

తరువాత మనస్సునకు వైద్యము. అనుమానము కలిగినచో బంధువుల యెదుట అడుగరాదు. "నీవు త్రాగితివా?" యని మొదటి మాటగా అడుగరాదు. "కన్ను నొప్పిగా నున్నదా నాయనా? నిద్ర పట్టుచున్నదా?" యని అడుగుడు. త్రాగనివాడు ఆ మాటకు సంతోషించును. త్రాగినవాడు ఆ మాటకు కరగవచ్చును. నింద మోపినచో ఇద్దఱును ఒకే విధముగా తలుపు వేసికొందురు. తండ్రి కోపముతో అడిగిన ప్రశ్నకు అబద్ధమును, అమ్మమ్మ ఏకాంతమున అడిగిన ప్రశ్నకు నిజమును చెప్పిన పిల్లలు మన కుటుంబములలోనే కలరు. ఆ పని ఎవరు చేయగలరో ఇంటిలో ఆలోచించుకొని వారిచేతనే అడిగింపుడు.

బిడ్డ నిజము చెప్పినచో పరువు పోవునని దాచుట మన సంఘమునకు పాత జబ్బు. దాచిన రోగము ముదురును. మానసిక ఆరోగ్య సంస్థలోని వ్యసన చికిత్సా విభాగము, 1972లో ఏర్పడిన సింగపూరు మాదకద్రవ్య నిరోధక సంఘము ఇట్టివారికి సలహా, సహాయము చేయుచున్నవి. తొలిసారి తప్పు చేసి, వేఱు నేరమేమియు లేక, పట్టుబడకముందే తనంత తాను వచ్చి ఒప్పుకొన్నవానిని న్యాయస్థానమునకు ఈడ్చుట కంటె చికిత్సకును పర్యవేక్షణమునకును పంపుట కేంద్ర మాదకద్రవ్య శాఖ సాధారణముగా అనుసరించు పద్ధతి. పట్టుబడిన వెనుక అంత తేలికగా నుండదు. కావున కాలహరణము చేయక, తెలిసిన పెద్దలతోనో, వైద్యునితోనో ఆలోచింపవలెను. అట్టి కుటుంబమును గుడిలో చూచి గుసగుసలాడుట మనము మానవలెను. ఆ గుసగుసలకు జడిసియే తల్లులు పెక్కుమంది ఆలస్యము చేయుచున్నారు.

ఈ మాసము మీ యింట ఎవరి కన్నులైన ఎఱ్ఱబడినచో మూడు పనులు వరుసగా చేయుడు. మొదట నొప్పియు చూపును విచారింపుడు. పిదప నిద్ర, తెఱ, లెన్సు, పొగ, జలుబు వీనిని విచారింపుడు. ఇవి యేవియు కాక, పైన చెప్పిన తక్కిన గుర్తులు పదేపదే కనబడినప్పుడు మాత్రమే మూడవ ప్రశ్నకు పొండు, అదియును ప్రేమతో. వచ్చు సంచికలో మధుమేహము కంటి లోపలి పొరకు చేయు హానినిగూర్చి వ్రాయుదుము. చక్కెరవ్యాధి గల పెద్దలు ఆ లోపల ఒకసారి కన్ను పరీక్ష చేయించుకొనవలెనని కోరుచున్నాము.